అమ్మతో తిమింగలాలు చూసి వచ్చాం

మొన్న మన సంఘం పిక్నిక్కులో ఒక మిత్రుడు, "డాక్టరుగారూ, పెద్దవాళ్ళు వూరినుంచి వస్తే నయాగరా కాక ఇంకేం చూపించాలి?" అని అడిగారు. కిందటి ఆగస్టులో మేము మా అమ్మను తిమింగలాలు చూడ్డానికి తీసుకువెళ్ళాం. ఆ సంగతే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మసాచుసెట్స్‌లో కేప్ కాడ్ చిట్టచివర ప్రావిన్స్‌టౌన్ అనే వూరుంది. ఒకప్పుడు తిమింగలాల వేటకు పడవలు పంపిన రేవు అది. 1975 నుంచి అక్కడివాళ్ళే వాటిని చూపించే పడవలు నడుపుతున్నారు. ఆ వూరికి ఉత్తరాన స్టెల్వాగన్ బ్యాంక్ అని నీళ్ళలో మునిగివున్న పెద్ద మెట్ట ఉంది. లోతునీళ్ళు ఆ మెట్టకు తగిలి సారాన్ని పైకి తెస్తాయి. ఆ సారం వల్ల చిన్నచేపలు, ఆ చేపలకోసం తిమింగలాలు.

మా అమ్మది భీమిలి. పడవ వూగేసరికి నాకూ, నా భార్యకూ కడుపులో తిప్పింది కాని, ఆవిడ శాలువా కప్పుకుని కమ్మీ పట్టుకుని నిలబడింది. నాతో మాత్రం మాట్లాడ్డం లేదు. ముందురోజు రాత్రి ఇంట్లో పెద్ద వాదన. నాన్నగారు పోయాక ఆవిడ ఆ యింట్లో ఒక్కతే వుంటోంది. ఇక్కడే వుండిపొమ్మని నేను, అక్టోబరు టిక్కెట్టు మార్చవద్దని ఆవిడ. "అర్ధరాత్రి ఏమైనా అయితే నీకెవరున్నారమ్మా?" అన్నాను. అటువంటి కబురు మోసుకొచ్చే ఫోను ఎలా వుంటుందో నాకు తెలుసు. ఆసుపత్రినుంచి ఎందరి పిల్లలకో అలాంటి ఫోన్లు చేసేది నేనే.

గంట గడిచాక పది పదిహేను డాల్ఫిన్లు పడవ ముందు గెంతుతూ వచ్చాయి. మా పాప చప్పట్లు కొట్టింది. అంతలో కెప్టెన్ ఇంజను తగ్గించాడు. 'ఫూ' మని పెద్ద చప్పుడు. బస్సంత పొడుగున్న హంప్‌బ్యాక్ తిమింగలం, దాని పక్కనే పిల్ల. తల్లి ఊపిరి తుంపర మా ముఖాలమీద పడింది, కుళ్ళిన చేపల వాసన! మామూలుగా మనం ఒక ఊపిరికి ఊపిరితిత్తుల్లోని గాలిలో పదోవంతో, కొంచెం ఎక్కువో మార్చుకుంటాం. ఇవి పదింట ఎనిమిది వంతులకు పైగా మార్చుకుంటాయి.

పడవలో వివరాలు చెప్పే అమ్మాయి మైకులో చెబుతోంది, నేను అమ్మకు తెలుగులో చెబుతున్నాను. తోక అడుగున వున్న మచ్చలను మన వేలిముద్రల్లాగా చూసి ఒక్కొక్కదాన్ని గుర్తుపడతారు, పేర్లు కూడా పెడతారు. చలికాలంలో ఇవి డొమినికన్ రిపబ్లిక్ దగ్గరి వెచ్చని నీళ్ళకు వెళ్ళి పిల్లల్ని కంటాయి. అక్కడ వాటికి తిండి దొరకదు. తల్లి వొంట్లో కొవ్వు కరిగించుకుంటూ పాలిస్తుంది. వసంతం రాగానే పిల్లను వెంటబెట్టుకుని పదిహేను వందల మైళ్ళు ఈదుకుంటూ ఇక్కడికి వస్తుంది. ఏడాది నిండేసరికి పిల్ల తన దారిన తాను పోతుంది. ఆ తర్వాత ఏటేటా, తల్లి చూపించిన ఈ నీళ్ళకే తనంతట తాను వస్తుంది.

అమ్మ చాలాసేపు ఆ పిల్లనే చూసింది. "మరి తల్లి?" అంది.

"అదీ వస్తూ పోతూ వుంటుంది. ఒక్కోసారి రెండూ ఇక్కడే కనిపిస్తాయిట."

"నేను చెప్పేదీ అదేరా అబ్బాయ్. వస్తూ పోతూ వుంటాను."

నాకు మాట తోచలేదు. ఆవిడ ఒంటరితనమని నేను వాదించినదాంట్లో చాలాభాగం నా భయమేనని అప్పుడు తెలిసింది. తల్లి తోకెత్తి మునిగింది. పిల్ల కూడా బుల్లితోక ఎత్తబోయి పక్కకు ఒరిగిపోయింది. అందరూ నవ్వారు, అమ్మ కూడా.

టిక్కెట్టు మార్చలేదు. అక్టోబరులో విమానాశ్రయానికి నేనే దింపాను. భయం పోయిందని చెప్పను. రాత్రిపూట ఫోను మోగితే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. కాని ఆదివారాలు ఫోనులో ఆవిడ ముందుగా అడిగేది, "మీ తిమింగలాలు తిరిగొచ్చాయా?" అని.

వెళ్ళదలచుకున్న మిత్రులు ఏప్రిల్ నుంచి అక్టోబరు లోపల వెళ్ళండి. ఎండాకాలమైనా స్వెట్టరు మరవకండి. పడవెక్కే గంట ముందు వాంతుల మాత్ర వేసుకోండి. డాక్టరునై వుండి నేను మరిచిపోయాను!