పుడ్డింగ్‌లో గుడ్డు, శిలువ మీద లాటిన్

మతం మారినా ప్రశ్నించడం మానని పండిత రమాబాయి ఇటు సనాతనులకూ అటు మిషనరీలకూ కొరకరాని కొయ్యే

1880ల నడిమి సంవత్సరాల్లో ఇంగ్లాండ్‌లోని వాంటేజ్ పట్టణంలో ఒక తగువు నడిచింది. ఒక పక్క ఆంగ్లికన్ సన్యాసినుల మఠం, మరో పక్క వారి దగ్గరుంటున్న భారతీయ యువతి. కారణం పుడ్డింగ్. అందులో గుడ్డు కలిపారని ఆమె దాన్ని ముట్టలేదు. అప్పటికే ఆమె క్రైస్తవం తీసుకున్నారు. బాప్తిస్మం పొందాక కూడా ఈ పట్టింపేమిటి, ఇది పాత కుల గర్వమే కదా అన్నది ఆమె బాగోగులు చూసే సిస్టర్ జెరాల్డిన్ అనుమానం. యువతి జవాబు ఘాటుగానే ఉంది. గర్వమంటే గర్వమే అనుకోండి, కానీ ఒక ఇంగ్లిష్ మహిళ హిందువుల మధ్య కొన్నాళ్లు ఉండి, ఎవరికీ హాని చేయని తన అలవాట్లను మార్చుకోకపోతే ఆమెను కూడా గర్విష్ఠి అంటారా అని ఎదురడిగారు.

ఆ యువతి పండిత రమాబాయి. తగువు గుడ్డుతో ఆగలేదు. మఠంవారు ధరించే శిలువ మీద లాటిన్ అక్షరాలుంటాయి. తనకు లాటిన్ రాదు, తన దేశపు స్త్రీలకూ రాదు, కనుక ఆ రాత సంస్కృతంలో ఉండాలని ఆమె పట్టుబట్టారు. తర్వాత త్రిత్వం మీద సందేహాలు. ఆ పైన, బిషప్ చెప్పారు కదా అని ఎందుకు ఒప్పుకోవాలన్న అసలు ప్రశ్న. స్వదేశంలో పురోహితుల పెత్తనం నుంచి ఎంతో కష్టపడి బయటపడింది మళ్లీ మరో పురోహిత వర్గం కాడి కిందకు వెళ్లడానికి కాదని ఆమె స్పష్టంగా రాశారు.

ఒక కాడిని దించుకోవడానికి ఆమె ఎంత దూరం నడిచారో తెలిస్తే ఈ మొండితనం అర్థమవుతుంది. నడవడమన్నది ఇక్కడ అక్షరాలా నిజం. 1858లో పశ్చిమ కనుమల్లోని గంగామూలలో పుట్టిన రమాబాయి తండ్రి అనంత శాస్త్రి డోంగ్రే గొప్ప సంస్కృత పండితుడు, భార్యకు సంస్కృతం నేర్పినందుకు తోటి బ్రాహ్మణుల ఆగ్రహం చవిచూసినవాడు. కుటుంబమంతా తీర్థాలు తిరుగుతూ పురాణం చెప్పుకుని బతికింది. తల్లి దగ్గర నేర్చుకున్న భాగవతం రమాబాయికి కంఠతా వచ్చు. కరువు రోజుల్లో తిరుపతి ప్రాంతపు అడవుల్లో ఆకులు తిని గడిపిన పూటల గురించి ఆమె తర్వాత రాసుకున్నారు. తల్లిదండ్రులిద్దరూ ఆ కష్టాల్లోనే పోయారు. అన్నతో కలిసి నడుస్తూ 1878లో కలకత్తా చేరేసరికి ఆమెకు 20 ఏళ్లు. అక్కడి పండితులు పరీక్షించి పండిత, సరస్వతి అనే బిరుదులిచ్చారు.

క్రైస్తవంతో తొలి పరిచయం కూడా కలకత్తాలోనే. అదొక చిన్న హాస్య ఘట్టం. అక్కడి క్రైస్తవులు అన్నాచెల్లెళ్లను ఒక సమావేశానికి పిలిచారు. ప్రార్థన వేళ అందరూ కుర్చీల ముందు మోకరిల్లారు. వీళ్లు కుర్చీలను పూజిస్తున్నారని ఆ ఇద్దరూ అనుకున్నారు. కానుకగా ఒక సంస్కృత బైబిల్ ఇచ్చారు. రమాబాయి తెరిచి చూస్తే ఆ సంస్కృతం ఆమెకు తెలిసిన సంస్కృతంలా లేదు. చదవడం కాలం వృథా అనిపించి పక్కన పెట్టేశారు. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోదగ్గది. నలభై ఏళ్ల తర్వాత దీనికి ఒక కొసమెరుపు ఉంది.

ఆమెను కదిపింది మొదట బైబిల్ కాదు, ధర్మశాస్త్రాలే. స్త్రీల సభల్లో ఉపన్యాసాల కోసం ఆ గ్రంథాలు చదివితే, అన్ని విషయాల్లోనూ పరస్పరం విభేదించేవి రెండు సంగతుల్లో మాత్రం ఏకమవుతున్నాయని ఆమెకు తోచింది. స్త్రీ స్వభావతః చెడ్డదన్నది ఒకటి, పురుషుడిలా ఆమెకు మోక్షం లేదన్నది రెండోది. కేశవ చంద్ర సేన్ వేదాలు చదవమన్నప్పుడు స్త్రీకి అర్హత లేదని జంకిన మనిషే తర్వాత ఉపనిషత్తులు, వేదాంతం చదివారు. 1880లో కులం కాని బెంగాలీ న్యాయవాది బిపిన్ బిహారీ మేధావిని రిజిస్టర్ పెళ్లి చేసుకున్నారు. సిల్చార్‌లో కాపురం. ఆ ఇంట్లోని పుస్తకాల మధ్య బెంగాలీలో లూకా సువార్త ఒకటి దొరికింది. ఆసక్తిగా చదివారు. భర్తకు అది నచ్చలేదు. 1882 ఫిబ్రవరిలో ఆయన కలరాతో పోయారు. 23 ఏళ్ల వితంతువు, ఏడాది నిండని మనోరమ.

పుణెలో ఆర్య మహిళా సమాజం, హంటర్ కమిషన్ ముందు సాక్ష్యం, స్త్రీ ధర్మ నీతి అనే మరాఠీ పుస్తకం అన్నీ ఆ ఏడాదిలోనే. పుస్తకం మీద వచ్చిన డబ్బుతో 1883లో ఇంగ్లాండ్ వెళ్లారు. వైద్యం చదవాలన్నది కోరిక. వినికిడి లోపం ఆ దారి మూసేసింది. అదే సెప్టెంబర్ 29న కూతురితో సహా బాప్తిస్మం తీసుకున్నారు. పుణెలో గగ్గోలు పుట్టింది. జోతిరావు ఫూలే వంటి కొందరే ఆమె పక్షాన నిలబడ్డారు.

ఎందుకు మారారు? ఆమె స్వయంగా చెప్పిన కారణాలు రెండు. ఒకటి బుద్ధికి సంబంధించినది. కాశీ పాండిత్యం నుంచి క్రైస్తవంలోకి వెళ్లిన నెహెమ్యా గోరే రాసిన ఉత్తరం. మరొకటి లండన్‌లోని ఫుల్‌హామ్‌లో కళ్లారా చూసినది. లోకం పతితలని ముద్రవేసిన స్త్రీలను అక్కడి సన్యాసినులు చేరదీసి, అసహ్యించుకోకుండా సేవ చేస్తున్నారు. ఎందుకిలా అని అడిగితే, బావి దగ్గర సమరయ స్త్రీతో ఏసు మాట్లాడిన ఘట్టం వినిపించారు. శాస్త్రాలు ఏకమైన ఆ రెండు సంగతులకూ అందులో ఆమెకు జవాబు దొరికింది. సిద్ధాంతం కంటే ముందు ఒక ప్రవర్తనను నమ్మిన మనిషి, ఆ తర్వాత సిద్ధాంతాన్ని బేరమాడకుండా మింగమంటే ఎలా మింగుతారు? వాంటేజ్ మఠం ఊహించనిది ఇదే.

జెరాల్డిన్‌ను ప్రతినాయికగా చూపడం తేలిక, కానీ న్యాయం కాదు. ఆమెకు రమాబాయి అంటే ప్రేమే. మేలు చేస్తున్నామన్న గట్టి నమ్మకంతో ఉన్నవారు వాదనలో ఎప్పుడూ కాస్త ఇబ్బందికరమే, అంతే. చెల్టెన్‌హామ్ లేడీస్ కాలేజీలో రమాబాయి మగ విద్యార్థులకు కూడా పాఠం చెప్పే ప్రతిపాదన వచ్చినప్పుడు, ఇండియాలో ఆమె పరువు పోతుందని బిషప్‌లు అడ్డుపడ్డారు. స్వదేశంలోనే నిండు సభల్లో మగవాళ్ల ముందు మాట్లాడిన మనిషికి ఇది మింగుడు పడలేదు. ఆ కాలేజీ ప్రిన్సిపల్ డొరొతియా బీల్ మాత్రం సందేహాలను సందేహాలుగానే తీసుకుని ఓపిగ్గా జవాబులు రాశారు. ఇంత గొడవపడిన జెరాల్డినే ఆ ఉత్తరాలను పారేయకుండా దాచి, వరుసగా కూర్చారు. ఎ.బి. షా సంపాదకత్వంలో 1977లో బొంబాయిలో అవి అచ్చయ్యాయి. తనను ఎదిరించిన మాటలను ఆమె భద్రం చేయకపోతే రమాబాయి గొంతు ఇంత స్పష్టంగా మనకు వినపడేది కాదు.

1977 అంటే మరొకటి కూడా గుర్తొస్తుంది. మత ప్రచార హక్కులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది ఆ ఏడాదే. 1967 నాటి ఒడిశా చట్టం, 1968 నాటి మధ్యప్రదేశ్ చట్టం ఆ తీర్పుతో నిలబడ్డాయి. బలప్రయోగం, ప్రలోభం, మోసం అన్నవి ఈ చట్టాల భాష. మార్చేవాడు ఎవరు, ఏం ఎరచూపాడు అన్నదే వాటి ఆరా. మారే మనిషి అందులో కర్మకారకం మాత్రమే. బిషప్‌కే ఎదురు ప్రశ్న వేసిన రమాబాయిని ఆ వాక్యంలో ఎక్కడ కూర్చోబెట్టాలి?

స్వదేశం తిరిగొచ్చాక ఆమెను కూర్చోబెట్టడానికి ఎవరికీ చోటు దొరకలేదు. అంతకుముందే అమెరికాలో తిరిగి, 1887లో అక్కడ అచ్చయిన ద హై-కాస్ట్ హిందూ వుమన్ పుస్తకంతో మద్దతు కూడగట్టారు. 1889 మార్చి 11న బొంబాయిలో వితంతువుల కోసం శారదా సదన్ తెరిచారు. మరుసటేడు అది పుణెకు మారింది. మత బోధన ఉండదన్నది షరతు. రమాబాయి బోధించలేదు. తన గదిలో తాను ప్రార్థన చేసుకునేవారు. తలుపు మాత్రం వేసుకునేవారు కాదు. కొందరు అమ్మాయిలు వచ్చి కూర్చునేవారు. 1893లో ఇది రచ్చకెక్కింది. తిలక్ కేసరి విరుచుకుపడింది. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. చాలా మంది తమ పిల్లలను తీసుకెళ్లిపోయారు. తలుపు తెరిచి ఉంచడం బోధించడం కిందకు వస్తుందా? రానడే వర్గం కోపంలో అన్యాయమంతా ఉందనలేం. ఆడపిల్లలను నమ్మకంతో పంపిన తల్లిదండ్రులకు వారు మాటిచ్చి ఉన్నారు. రమాబాయి వాదనా తేలిగ్గా కొట్టేయదగ్గది కాదు. తన ఇంట్లో తాను చాటుగా ప్రార్థన చేసుకోవాలా అన్నారామె.

ఆ రోజుల్లోనే తన విశ్వాసాన్ని కూడా ఆమె నిలదీసుకున్నారు. విలియం హాస్లమ్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడి ఆత్మకథ చదివాక, బాప్తిస్మం తీసుకున్న ఎనిమిదేళ్లకు, తనకు క్రైస్తవ మతం దొరికింది గానీ క్రీస్తు దొరకలేదని గ్రహించానని రాసుకున్నారు. ఏ సంఘానికీ చెందనన్న మాటను మాత్రం వదల్లేదు.

1896-97 కరువులో మధ్య పరగణాలకు వెళ్లి అనాథ బాలికలను వెంటబెట్టుకొచ్చారు. ఆకలి అంటే ఏమిటో ఆమెకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పుణె దగ్గరి కేడ్‌గావ్‌లో ముక్తి సదన్ అలా పెరిగింది. నేత, నూనె గానుగ, పాడి, అచ్చుయంత్రం అన్నీ ఆడవాళ్ల చేతుల మీదే నడిచేవి. రమాబాయి చివరిదాకా శాకాహారే. తెల్ల నూలు చీర మారలేదు.

ఆ ఆవరణలోనే తన చివరి పనికి కూర్చున్నారు. నడివయసు దాటాక హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిల్‌ను మరాఠీలోకి తెచ్చే పని. మరాఠీ బైబిల్ అప్పటికే ఉంది. అయితే అందులోని సంస్కృత పదాలు ఆమెకు నచ్చలేదు. ఆ పదాలు వాటి వెంట వేదాంతాన్నీ మోసుకొస్తాయని, పైగా ఆశ్రమంలో అక్షరాలు దిద్దుకుంటున్న పల్లెటూరి స్త్రీకి అర్థం కావని ఆమె అభ్యంతరం. తెలుగు పాఠకులకు ఇది కొత్త చిక్కేమీ కాదు. తెలుగు బైబిల్ మోక్షం అనకుండా రక్షణ అంటుంది. ఆ ఒక్క మాట ఎంపికలోనే రెండు తత్వాలు దారి చీలతాయి. కలకత్తా పండితులు సరస్వతి అని పిలిచిన మనిషి, శిలువ మీద సంస్కృతం కావాలని వాంటేజ్‌లో పోరాడిన మనిషి, తన పుస్తకంలోంచి సంస్కృతాన్ని ఏరి పారేస్తూ సంవత్సరాలు గడిపారు. వాంటేజ్‌లో అడిగింది తన వాళ్లకు అర్థమయ్యే భాష. కేడ్‌గావ్‌లో తన వాళ్లు మారారు.

1921 జులైలో మనోరమ చనిపోయారు. ఆశ్రమ బాధ్యతలు ఆమెకే అప్పగించాలనుకున్న తల్లి మళ్లీ ప్రూఫుల ముందు కూర్చున్నారు. 1922 ఏప్రిల్ 5న రమాబాయి కన్నుమూశారు. 1924లో పుస్తకం వెలువడింది. మరాఠీ చర్చిల్లో పెద్దగా వాడుకలోకి రాలేదు, పాత అనువాదమే సాగింది. ఈ అనువాదానికి టైపు కూర్చింది, అచ్చువేసింది ముక్తి సదన్ స్త్రీలే. వారిలో చాలా మందికి అక్షరాలు వచ్చింది ఆ ఆవరణలోకి అడుగుపెట్టాకే.