తాగే నీటికి దిగువన

2025 జనవరి 3, శుక్రవారం, రాత్రి

పొద్దున కిరండూల్ పాసింజరెక్కి బొర్రా గుహల స్టేషన్లో దిగాం, నేనూ మా మేనల్లుడూ. అక్కణ్ణించి కొంత దూరం జీపు, ఆపైన కాలిబాట. ఊరి పేరు ఈ పుస్తకంలో కూడా రాయను. పేరు బయటికి పొక్కిన కొండకు ఏమవుతుందో పాడేరు దగ్గర వంజంగిలో చూశాను. మేఘాలు చూడ్డానికి చీకటితో ఎక్కిన జనం దిగిపోయాక బాట పొడుగునా నీళ్ళసీసాలు, చిప్సు కవర్లు.

ఇక్కడ కుళాయి లేదు, దీపం లేదు, మరుగుదొడ్డి లేదు. వలిసెలు కోసేసిన మెట్టచెక్క, దాని కింద సిల్వర్ ఓక్ నీడన కాఫీ తోట, పైన అడవి. అంతే. అమెరికాలో నేషనల్ ఫారెస్టుల్లో ఏ వసతీ లేని ఇలాంటి చోట్ల చాలావరకు టెంటు వేసుకోనిస్తారు. మన రిజర్వు ఫారెస్టులో అటవీశాఖ అనుమతి లేకుండా రాత్రి ఉండకూడదు. అందుకే అడవి హద్దుకు ఇవతల, పట్టా భూమిలో, ఆ భూమి గల ఇంటాయన సరేనన్నాకే సామాను దించాం.

టెంటు ఎక్కడ వేయాలో తేల్చింది మాత్రం ఆయన తల్లి. గెడ్డ ఒడ్డున చదునుగా, నీడగా ఉన్న చోటు చూసి మావాడు ముచ్చటపడ్డాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "అక్కడొద్దు బాబూ. ఆ నీరు మేం తాగుతాం."

అని ఊరుకోలేదు. మమ్మల్ని వెంటబెట్టుకుని వెళ్ళి, ఆ చోటుకు దిగువన ఉన్నది చూపించింది. గెడ్డకు అడ్డంగా నడుం ఎత్తు కూడా లేని సిమెంటు తొట్టె. అందులోంచి ఒక పైపు. మోటారు లేదు, కరెంటు లేదు, వాలును బట్టి నీరు దానంతటదే ఊళ్ళో ట్యాంకులోకి దిగుతుంది. గ్రావిటీ పథకం అంటారు. బోరు లారీ ఎక్కలేని కొండ ఊళ్ళకు ఏజెన్సీలో చాలాచోట్ల ఇదే ఆధారం. తొట్టె పూడినా, పైపు పగిలినా ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని లోయలోకి దిగాలి, నిండు బిందెలతో ఎక్కిరావాలి.

తొట్టెకు దిగువన, గెడ్డకు దూరంగా, చెక్క నడిమధ్యన టెంటు వేశాం. కింద సామగడ్డి దట్టంగా పరిచాం. నేల చలి కంబళిని లెక్కచెయ్యదు, గడ్డి ఉంటేనే ఆగుతుంది.

పొద్దుగూకాక పడమట చవితి చంద్రుడు, పక్కనే శుక్రుడు. తూర్పున ఎర్రగా అంగారకుడు. చంద్రుడు దిగిపోయాక ఓరియన్ నడుంపట్టీలో చుక్కలు ఎంత స్పష్టంగా ఉన్నాయో చెప్పలేను. విశాఖలో మా డాబా మీద ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఇంత తేటగా కనబడనివి ఇక్కడ నెత్తిమీదే ఉన్నాయి. మేనల్లుడు "మామయ్యా, ఇవన్నీ రోజూ ఉంటాయా?" అన్నాడు. ఉంటాయిరా, మన వీధిదీపాలే చూడనివ్వవు.

జనవరి 4, శనివారం, పొద్దున

అయిదున్నరకి థర్మామీటరు 6 డిగ్రీలు చూపించింది. టెంటు లోపలి గుడ్డంతా తడి. అది బయటి మంచు కాదు, రాత్రంతా మేం వదిలిన ఊపిరే చల్లటి గుడ్డకు తగిలి నీరయింది. జిప్పు రెండు వైపులా బెత్తెడు తెరిచి ఉంచితే ఇంత ఉండదు.

సూర్యుడు వచ్చేసరికి లోయ కనబడలేదు. అంచులదాకా తెల్లగా నిండిపోయి, కొండల తలలు మాత్రం పైకి ఉన్నాయి. మబ్బులేని రాత్రి నేల వేడిని వదిలేసి చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడి బరువెక్కి వాలు వెంబడి లోయలోకి దిగుతుంది. అక్కడ కదలిక లేక నిలిచిపోయి పొగమంచవుతుంది. అందుకే లోయ అడుగున పడుకున్నవాడికి చలి ఎక్కువ, వాలు మధ్యన పడుకున్నవాడికి కాస్త తక్కువ. ఊరి ఇళ్ళు అడుగున కాక వాలు మీదెందుకున్నాయో ఈ చలిలో అర్థమైంది.

ఇంటాయన చోడి అంబలి పంపాడు. తాగి కాఫీ తోటలోకి వెళ్ళాం. చెట్టు మీద పండు ఒక్కసారిగా పండదు. ఎర్రనివి ఏరి, పచ్చివి వదిలి, మళ్ళీ కొన్నాళ్ళకు అదే చెట్టు దగ్గరికి రావాలి. కొమ్మ వంచి వదిలేటప్పుడు కూడా పెద్దామె చెయ్యి ఎంత మెల్లగా వదులుతుందో! సిల్వర్ ఓక్ మానులకు మిరియం తీగలు పాకి ఉన్నాయి. పంటలో కొంత గిరిజన సహకార సంస్థ(జీసీసీ)కి, కొంత సంతలో వ్యాపారికి. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు లోకమంతా తిరిగింది. ఆ పేరులో ఈ చేతుల వాటా ఎంతన్నది నాకు ప్రతిసారీ బాధ కలిగించే ప్రశ్న.

అదే రోజు, రాత్రి

రాయాలని లేదు, కానీ రాసి తీరాలి.

మధ్యాహ్నం బైకుల మీద ఓ కుర్రాళ్ళ గుంపు వచ్చింది. ఊళ్ళో ఎవరినీ అడగలేదు. తొట్టెకు పైన, నిన్న పెద్దామె వద్దన్న ఆ చదును చోటే చూసుకుని దిగారు. పొయ్యి పెట్టారు, బిర్యానీ వండారు, స్పీకరు పెట్టారు. అదంతా ఒక ఎత్తు. సాయంత్రం గిన్నెలు గెడ్డలోకి దించి డిటర్జెంటుతో తోమారు. కాసేపటికి తొట్టెలో నురగ తేలింది.

ఇంటాయన పరుగున వెళ్ళి పైపు మూత బిగించాడు. కింద ట్యాంకులో ఉన్న నీళ్ళన్నీ వదిలేశారు. చలికాలం నాటికే ఊట సన్నబడుతుంది. తొట్టె కడిగి, నీరు తేరి, ట్యాంకు మళ్ళీ నిండాలంటే రేపు పొద్దెక్కాల్సిందే. ఈ రాత్రికి ఊరంతటికీ ఇళ్ళలో బిందెల్లో మిగిలినవే.

నేనూ వెళ్ళాను వాళ్ళ దగ్గరికి. "పారే నీళ్ళే కదండీ, పోతాయి," అన్నాడొకడు. ఎక్కడికి పోతాయో చెప్పాను. ఈ గెడ్డ గోస్తనిలో కలుస్తుంది. గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి రిజర్వాయరు చేరుతుంది. తాటిపూడి నీళ్ళు విశాఖపట్నం తాగుతుంది. మిగిలింది భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. పైగా బొర్రా చుట్టూ సున్నపురాయి నేల. అక్కడ నీరు మట్టిలో మెల్లగా వడకట్టుకోదు, రాతి పగుళ్ళ గుండా నేరుగా దిగిపోతుంది. "మీది ఏ ఊరు?" అంటే విశాఖలోని గాజువాక అన్నారు.

వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. విన్నారు, సామాను కిందికి దించుకున్నారు. ఒకడు ఇంటాయనతో కలిసి తొట్టె కడిగాడు కూడా. కానీ ఎవరూ వాళ్ళకు ముందు చెప్పలేదు. వాళ్ళు చూసిన వీడియోల్లో కొండ ఉంది, మంచు ఉంది, ఊరు లేదు. ఎవరూ లేని చోటని వచ్చారు. ఈ కొండల్లో ఎవరూ లేని చోటు లేదు. ఒక చెక్క ఒకరి సామపంట, ఒక చెట్టు ఒకరి అడ్డాకులు, ఒక రాయి ఒకరి దేవత.

జనవరి 5, ఆదివారం

పొయ్యి బూడిదలో నీళ్ళు పోసి, కర్రతో కలిపి, మళ్ళీ పోసి, చేత్తో తాకి చూసి వదిలాం. జనవరిలో ఆకు రాలి ఎండుతుంది. ఒక్క నిప్పురవ్వ కాఫీ తోటలోకి జారితే ఏళ్ళ తరబడి పెంచిన మొక్కలు పోతాయి. కట్టెలు రాలినవే ఏరాం. కొమ్మ విరవలేదు. మలవిసర్జనకు గెడ్డకు బాగా దూరంగా, వాలు అవతలివైపు, జానెడు గొయ్యి తవ్వి మట్టి కప్పాం. తిన్నది అడ్డాకు విస్తళ్ళలో, కాబట్టి అవి మట్టిలో కలుస్తాయి. మిగతా చెత్తంతా మూట కట్టి మావాడు వీపున వేసుకున్నాడు. కుర్రాళ్ళ చెత్త కూడా కొంత దించాం.

ఇంటాయనకు డబ్బులిస్తే చోటుకీ అంబలికీ తీసుకున్నాడు, తొట్టె సంగతికి వద్దన్నాడు.

జనవరి 12, ఆదివారం, విశాఖపట్నం

వారం నుంచి ఫోటోలు చూసినవాళ్ళంతా "ఎక్కడది? లొకేషన్ పెట్టు," అంటున్నారు. ఒక మిత్రుడు ఇంకో అడుగు ముందుకేశాడు: ఓ గిరిజనుడి పేరు మీద చెక్క తీసుకుని ఇరవై టెంట్లు వేద్దామన్నాడు. వద్దన్నాను, గట్టిగానే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి మారకూడదని 1970 నాటి 1వ నంబరు రెగ్యులేషన్ చెబుతోంది. 1/70 అంటే అదే. ఈ అనంతగిరి, బొర్రా కొండల మీద గనుల లీజులపైనే సమత కేసు సుప్రీంకోర్టుకు వెళ్ళింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు లీజుకివ్వడం చెల్లదని 1997లో తీర్పొచ్చింది. గనిని ఆపిన ఈ కొండల్లోకి టెంట్ల పేరుతో దొడ్డిదారిన దూరడం నాకు నచ్చదు.

టెంట్లు ఉండాలి. ఊరివాళ్ళవై ఉండాలి. మారేడుమిల్లి దగ్గర వలమూరులో అటవీశాఖ, వన సంరక్షణ సమితి కలిసి జంగిల్ స్టార్ శిబిరం నడుపుతున్నాయి. అలాంటివి ఇటు అరకు, అనంతగిరి వైపు కూడా రావాలి. ఎన్ని టెంట్లు, ఎక్కడ, ఏ నెలల్లో అన్నది గ్రామసభ తేల్చాలి. మా పెద్దామె లాంటివాళ్ళు ఆ సభలో ముందు కూర్చోవాలి.

ఇంటాయన నిన్న ఫోన్ చేశాడు. తొట్టెకు పైన ఎవరూ దిగకుండా బోర్డు పెడదామనుకుంటున్నారట. రేకు, రంగు పంపుతానన్నాను.

అడిగినవాళ్ళకు లొకేషన్ పెట్టడం లేదు. ఈ నాలుగు ముక్కలు పెడుతున్నాను: కొండ ఎక్కేముందు ఊళ్ళోకి వెళ్ళండి. పెద్దవాళ్ళెవరైనా కనబడితే, మీరు తాగే నీరు ఎక్కణ్ణించి వస్తుందమ్మా అని అడగండి. వాళ్ళు చూపించిన చోటికి దిగువనే టెంటు వేయండి. సబ్బు ఇంట్లోనే వదిలి రండి.