సెర్వాంటిసు సమాధి

లోకమున నెల్లరు నెఱిగిన గ్రంథకర్తలలో స్పెయిను దేశపు మిగేల్ సెర్వాంటిసు ఒకడు. ఆతని "డాన్ క్విక్సోట్" మొదటి భాగము 1605లోను, రెండవ భాగము 1615లోను వెలువడెను. గాలిమరలను రాక్షసులని తలచి బల్లెముతో వానిపై దూకిన యా వీరుని కథ చదివి నవ్వని బాలుడుండడు. ఇంతమందిని నవ్వించినవాని సమాధిని నాలుగువందల యేండ్లు ఎవ్వరును వ్రేలు పెట్టి చూపలేకపోయిరని చదివినపుడు నాకు మొదట నమ్మిక కలుగలేదు.

ఆతడు 1547లో జనించెను. 1571లో లెపాంటో యొద్ద జరిగిన నావికాయుద్ధమున జ్వరముతో నుండియు పోరాడి, ఱొమ్మున గాయపడెను, ఎడమచేయి చెడిపోయెను. 1575లో స్వదేశమునకు మరలుచుండగా సముద్రపు దొంగలు పట్టి ఆల్జియర్సునకు గొనిపోయిరి. ఐదేండ్ల చెఱలో నాలుగుమారులు తప్పించుకొనజూచియు విఫలుడయ్యెను. తుదకు 1580లో ట్రినిటేరియను సన్న్యాసులు 500 బంగారు నాణెములిచ్చి విడిపించిరి. ఇంటివారు కూడబెట్టినది చాలకపోగా, తక్కువపడినది వారే సమకూర్చిరి. బందీలను విడిపించుట యా సంఘమువారి వ్రతము.

ఆ మేలు నాతడు మఱవలేదు. 1616 ఏప్రిల్ 22వ తేదీన మాడ్రిడ్ నగరమున మరణింపగా, ఆతని కోరికను బట్టి ట్రినిటేరియను సన్న్యాసినుల మఠమున మరునాడు పాతిపెట్టిరి. ఆ శతాబ్ది చివర మఠమునకు క్రొత్త దేవాలయము కట్టిరి. పాత సమాధులలోని యస్థికలను క్రొత్తదాని నేలమాళిగకు చేర్చిరి. ఎవరి వేవియో తెలుపు గుర్తు మిగులలేదు. ఆతడు మఠములోనే యున్నాడని యందఱెఱుగుదురు; ఎచ్చటనో యెవరెఱుగరు. ఆ వీధికి నేడు సెర్వాంటిసు పేరు గాక, ఆతనితో పోటీపడిన లోపె దె వేగా పేరుండుట మఱియొక వింత.

2014లో పండితులు వెదకబూనిరి. త్రవ్వకయే నేల లోపలిని చూపు రాడారు యంత్రమును గొనివచ్చిరి. వారెఱిగిన గుర్తులు మూడు: ఱొమ్మున గాయము, ఎడమచేతి వైకల్యము, ఊడిపోయిన పండ్లు. తన నోట నాఱు దంతములే మిగిలినవని ఆతడే 1613లో నొక పీఠికలో వ్రాసికొనియుండెను.

2015 జనవరిలో ఒక శవపేటిక పలకపై మేకులతో కూర్చిన "ఎం. సి." అను రెండక్షరములు కనబడెను. ఆతని పేరులోని మొదటి యక్షరములవియే! లోకమంతయు సంతసించెను. కాని యచ్చట నున్నవి పలువురి యెముకలు. పండితులు తొందరపడక వెదకుచునే యుండిరి. మార్చి 17వ తేదీన వారు తేల్చిన దిది: నేలమాళిగలో నొకచోట పెద్దలవియు పిల్లలవియు నగు ఎముకల ముక్కలు కలసియున్నవి, పాత వ్రాతలను బట్టి చూడగా సెర్వాంటిసువియు, ఆతని భార్య కాటలీనావియు వానిలో నుండవచ్చును, వేఱుపఱచి చూపుట మాత్రము సాధ్యము గాదు. ఆ జూన్ నెలలో ఆ ముక్కల నన్నిటిని కలిపియే మరల పూడ్చి, పైన శిలాఫలకము నిలిపిరి.

ఇంత శ్రమకు ఫలమింతేనా యని కొంద ఱనవచ్చును. నాకు మాత్రము మా నాయనమ్మ సమాధి జ్ఞప్తికి వచ్చినది. మా గ్రామమున కాలువ ప్రక్కనున్న శ్మశానభూమిలో ఆమెను పాతిపెట్టిరి. తరువాత గట్టు వెడల్పు చేసినపుడు పోసిన మట్టి క్రింద ఆ వరుసయంతయు మునిగిపోయెను. నేను చిన్నతనమున నుండగా బంధువులు మా తండ్రిగారితో, "ఎచ్చటనో యొకచోట రాయి నాటింపుము, చూచువారి కేమి తెలియును?" అనిరి. ఆయన యొప్పుకొనలేదు. "అమ్మ యీ నేలలో నున్నదనుట నిజము. ఈ రాతి క్రిందనే యున్నదనుట నిజము గాదు. ఆమె తావున మఱియొకరి తల్లి యున్నచో వారికి నేనేమని చెప్పుదును?" అనిరి. శ్మశానపు వాకిట ఒక రాయి నిలిపి, దానిపై నాయనమ్మ పేరును, ఆ వరుసలోనివారిలో తమకు జ్ఞప్తియున్న వారందఱి పేరులను చెక్కించిరి.

మాడ్రిడ్ పండితులు చేసినదియు నిదియే గదా! ఒక కపాలమును తీసి, ఇదియే సెర్వాంటిసుదని చెప్పియుండిన నమ్మువారు వేలకొలది యుందురు. రెండక్షరముల పలకయు చేతనుండెను. అయినను వారు తమ కెఱుకపడినంతయే పలికి, అచ్చటనే యాగిరి. తెలిసినదానికి తెలియనిదానిని జోడింపకుండుటయు విద్యయే. ఆ నిగ్రహమువలన, పేరు తెలియని యా పిల్లలకును పెద్దలకును గూడ గౌరవము దక్కినది.

సెర్వాంటిసునకు లోటేమియు కలుగలేదు. చెఱనుండి తన్ను విడిపించిన సంఘమువారి యింట విశ్రమింపగోరెను, అచ్చటనే యున్నాడు. ప్రక్కనున్న వారెవరైన నేమి? సత్రములలోను బాటలమీదను తిరుగు సామాన్యజనులను తన కథలో నింపినవాడు వారి నడుమ నుండుటకు సంకోచించునా?