నిలువు గోడ నమ్మిస్తుంది

గ్రావెల్ గుంతలో నిట్టనిలువుగా నిలిచిన గోడను చూసి కూలీ ధైర్యపడతాడు. దాన్ని పట్టి ఉంచేది రేణువుల మధ్యనున్న కాస్త తడే. ఎండకు అది ఆరినా, వానకు నీరు నిండినా పట్టు సడలుతుంది. పొడి ఇసుక తనంతట తాను నిలిచే వాలు సుమారు 30-35 డిగ్రీలే. అందుకే 1961 నాటి లోహ గనుల నిబంధనలు ఇలాంటి నేలల్లో వాలు 45 డిగ్రీలు మించరాదన్నాయి. లేదంటే ఒకటిన్నర మీటరుకు మించని మెట్లు, ఎత్తుకు తగ్గని వెడల్పుతో కొట్టాలి. అయితే 6 మీటర్ల లోతు, 50 మంది కూలీలు మించకుండా, పేలుడు పదార్థాలు వాడని గుంతలను 1952 గనుల చట్టం చాలా నిబంధనల నుంచి మినహాయించింది. ఘనమీటరు ఇసుక దాదాపు టన్నున్నర తూగుతుంది. మీద పడడానికి 6 మీటర్ల గోడ అక్కర్లేదు. ముందు చూడాల్సింది గోడను కాదు, పైన అంచు వెనకున్న నేలను. అక్కడ సన్నని బీట కనిపిస్తే కింద పని ఆపాలి. నష్టం ఓ లారీ లోడే.