అడవి దాటాక... ఆషాఢం గాలి!

‘‘నంద్యాలకా? సైకిళ్ల మీదా? ఘాట్‌ ఎక్కగలరా?’’

గిద్దలూరులో టీ కొట్టాయన అడిగిన ప్రశ్నకు మిత్రులిద్దరూ నవ్వేసి పెడల్‌ మీద కాలేశారు. ఆయన అడగాల్సింది ఘాట్‌ గురించి కాదని వాళ్లకు మధ్యాహ్నానికి గానీ తెలిసిరాలేదు!

గిద్దలూరు నుంచి నంద్యాల దాదాపు 60 కిలోమీటర్లు. మధ్యలో అడ్డంగా నల్లమల. దిగువమెట్ట దాటితే చాలు... రోడ్డుకు రెండువైపులా టేకు, నల్లమద్ది, వెదురు. చిన్న గేరులో నిదానంగా తొక్కితే ఎక్కుడు అంత కష్టమేమీ కాదు. అలసట వస్తే ఆగొచ్చు. కానీ, ఎక్కడపడితే అక్కడ కాదు. ఇది పులులూ చిరుతలూ తిరిగే అడవి. 2024 జూన్‌లో పచ్చర్ల దగ్గర చిరుత దాడిలో ఒక మహిళ చనిపోయారు. అందుకే మిత్రులిద్దరూ పిలిస్తే పలికేంత దూరంలోనే సాగారు. జనం ఉన్నచోటే ఆగి నీళ్లు తాగారు. అరటిపండు చూసి వెంటపడ్డ కోతులకు ఏమీ వేయలేదు. రోడ్డు మీద తిండికి అలవాటుపడితే లారీల కింద పడేది అవే మరి.

మధ్యాహ్నానికి ఘాట్‌ దిగి గాజులపల్లె చేరారు. ఇక అంతా మైదానమే, గంటలో నంద్యాల అనుకున్నారు. చెట్లు అయిపోయాయో లేదో... మొహాన కొట్టింది గాలి! పొద్దుటి నుంచీ ఉన్నదే అది. కొండా చెట్లూ అడ్డు నిలవడంతో తెలియలేదంతే.

సీమలో ఆషాఢం గాలంటే తెలియనివారుండరు. నైరుతి రుతుపవనాలు వానంతా పడమటి కనుమల మీదే కుమ్మరించి వస్తాయి. ఇక్కడికి మిగిలేది ఎక్కువగా గాలే. నంద్యాల కూడా పడమరే. గంటకు 15 కిలోమీటర్ల వేగంతో తొక్కేవాడికి అంతే వేగంతో గాలి ఎదురైతే, వెనక్కి నెట్టే బలం రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. పైగా కొండ, ఎక్కేటప్పుడు పెట్టించిన కష్టాన్ని దిగేటప్పుడు కొంతైనా తిరిగిచ్చేస్తుంది. ఎదురుగాలికి ఆ మర్యాద లేదు!

కాసేపటికే ఒకాయనకు పిక్క పట్టేసింది. వేపచెట్టు కింద కూలబడి, ‘‘బస్సెక్కేద్దాంరా’’ అన్నాడు. రెండో ఆయన పిక్క నొక్కి, నీళ్లు తాగించి, ‘‘రోడ్డు చూడకు. నా వెనక చక్రం చూస్తూ రా’’ అన్నాడు. ముందువాడు గాలిని చీలుస్తుంటే వెనకవాడికి శ్రమ చాలా తగ్గుతుంది. కాలు కుదుటపడ్డాక కిలోమీటరు రాయి వచ్చినప్పుడల్లా ముందువెనకలు మార్చుకున్నారు. మాటల్లేవు, చక్రాల చప్పుడే. నంద్యాలలో దీపాలు వెలిగేవేళకు ఊళ్లోకి వచ్చారు... ఇద్దరూ, సైకిళ్ల మీదే.

ఆషాఢంలో ఈ దారి పట్టాలనుకుంటే ఒక్క మాట: తెల్లవారాక నంద్యాలలో బయలుదేరి గిద్దలూరు వైపు వెళ్లండి. ఆ గాలే వీపున చెయ్యేసి తోస్తుంది!