వాన వెలిసిన తర్వాత సముద్రం

మా షాద్‌నగర్‌కు సముద్రంతో ఏం పని అనుకుంటాం గానీ, శంషాబాద్‌లో విమానం ఎక్కితే విశాఖ గంటన్నర లోపే. మా అమ్మాయి స్నేహితురాళ్లతో రుషికొండలో స్కూబా డైవింగ్‌కు బుక్ చేసుకుంది. శనివారం ఉదయం డైవ్, ఆదివారం రాత్రి తిరుగు విమానం. గురువారం రాత్రి దాకా అక్కడ ఒకటే వాన.

వద్దంటే వినే వయసు కాదు, ఇరవై నాలుగేళ్లు. కారణం చెప్పాలి. పెదవాల్తేరులో ఉండే మా చెల్లెలికి ఫోన్ చేస్తే, "గెడ్డలు పొంగాయక్కా, ఒడ్డున నీళ్లు టీ రంగులో ఉన్నాయి" అంది.

మనం వాగు, నాలా అనేదాన్ని అక్కడ గెడ్డ అంటారు. కొండల మీది వాననీళ్లు ఊళ్లోని మురుగునూ చెత్తనూ కలుపుకొని సముద్రంలో పడతాయి. ఉప్పునీళ్ల కన్నా వాననీళ్లు తేలిక కదా, ఆ మురికి కొన్నాళ్లు పైపైనే తేలుతుంది. డైవింగ్ చేసేవాళ్లు దిగేదీ, పైకొచ్చేదీ అందులోంచే. నోట్లోకి పోతే వాంతులు, విరేచనాలు. చెవిలోకి పోతే చీము. బురదనీళ్లలో పక్కనున్న మనిషి కూడా కనబడరు, అది ఇంకా ప్రమాదం.

"గింత వానకు అంత పెద్ద సముద్రానికేమైతదమ్మా? రుషికొండకు బ్లూ ఫ్లాగ్ కూడా ఉంది" అంది. 2020లో వచ్చిన మాట నిజమే. కానీ జెండా ఇచ్చిన రోజు నీళ్లు, వాన మర్నాటి నీళ్లు ఒకటేనా? స్నానాలకు, నీటి ఆటలకు వాడే సముద్రపు నీటిలో మలం నుంచి వచ్చే కోలిఫాం బ్యాక్టీరియా 100 మిల్లీలీటర్లకు 100 మించకూడదని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అంటే అరగ్లాసు నీళ్ల లెక్క! కాలిఫోర్నియాలో అయితే వాన తగ్గాక 72 గంటలు సముద్రంలో దిగొద్దని ఆరోగ్య శాఖ వాళ్లే చెబుతారు.

"అయితే ఆదివారం సాయంత్రం దిగుతాం" అంది. అదీ కుదరదు. డైవ్ చేశాక వెంటనే విమానం ఎక్కకూడదు. ఒంట్లో చేరిన నైట్రోజన్ పైకి వెళ్లినప్పుడు బుడగలు కడుతుందట. ఒక్క డైవ్‌కైనా కనీసం 12 గంటలు, ఎక్కువైతే 18 గంటలు ఆగాలి. ఈ రెండో సంగతి దానికే తెలుసు, నాకు కాదు. తనే చెప్పి తనే ఆగిపోయింది.

డైవింగ్ వాళ్లు మారు మాట్లాడకుండా వేరే తేదీ ఇచ్చారు. పిల్లలు వెళ్లి, మా చెల్లెలి ఇంట్లో వంజరం వేపుడు తిని వచ్చారు. మళ్లీ విమానం టికెట్లా అని వాళ్ల నాన్న ఇంకా గొణుగుతూనే ఉన్నారు. ఈసారి ప్రయాణం మూడు రోజులు, డైవ్ రెండో రోజు పొద్దున్నే.