గోలీలేస్కున్నవా? సరే, తర్వాత?

ఊళ్ళో ఉన్న పెద్దవాళ్ళతో మన ఫోన్ సంభాషణలన్నీ దాదాపు ఒకటే. "తిన్నవా? గోలీలేస్కున్నవా? షుగరెంతున్నది?" అంతే, అయిపోయింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో దీన్ని పింగ్ అంటారు. అవతల్నుంచి జవాబొస్తే సర్వర్ బతికే ఉన్నట్టు. మరి దాన్ని వాడుకునేవాడు సుఖంగా ఉన్నాడా? అది పింగ్ చెప్పదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ళ జీవన నాణ్యత ప్రశ్నావళి ఒకటుంది. మొత్తం 26 ప్రశ్నలు, నాలుగు భాగాలు: ఒళ్ళు, మనసు, మనుషులతో సంబంధాలు, చుట్టూ పరిసరాలు. నాకు నచ్చిందేంటంటే, జవాబు చెప్పాల్సింది డాక్టరో కొడుకో కాదు, ఆ మనిషే.

సుల్తానాబాద్ లో ఒంటరిగా ఉండే మా బాపమ్మని అలాగే అడిగా, "నీకేం కష్టమైతాంది?" అని. పైసల మాటే ఎత్తలేదు. ఆసరా పింఛను 2014లో వెయ్యితో మొదలై 2019లో 2,016 అయింది. "నా పైసలు నాకున్నయ్ బిడ్డా" అనే ఆ ధీమా ముందు ఆ అంకె చిన్నదే. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు కూడా ఉచితం. ఆమె చెప్పిన కష్టాలు రెండే. ఒకటి, చీకట్లో బాత్రూం మెట్టు. రెండు, రాజీవ్ రహదారి! లారీల మధ్య దాన్ని దాటలేక అవతలి వాడకట్టుకి పోవడమే మానేసిందట. అంటే మోకాళ్ళ కన్నా ముందు రోడ్డే ఆమెని ఇంట్లో కూర్చోబెట్టిందన్నమాట.

"హైదరాబాదొచ్చెయ్" అంటే, "ఆడ నాకెవలెరుక?" అంటుంది. నిజమే కదా. మా ఫ్లాటులో లిఫ్టుంది, బాత్రూంలో పట్టుకోడానికి రాడ్డుంది. పలకరించే మనిషి మాత్రం లేడు. పరిసరాల భాగంలో మార్కులు పెరిగి, సంబంధాల భాగంలో సున్నా వస్తుంది.

2007లో కేంద్రం తల్లిదండ్రుల పోషణకి చట్టం చేసింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్ కి పోయి తిండి, బట్ట, ఇల్లు, వైద్యం కోసం భరణం అడగొచ్చు. మంచిదే. కానీ రోడ్డు దాటించమని ఏ ట్రిబ్యునలూ ఆర్డరివ్వదు.

మెట్టు మీద ఒక బల్బు, గోడకొక రాడ్డు, వారానికి రెండుసార్లు అవతలి వాడకట్టుకి తీస్కపోయి తెచ్చే తెలిసిన ఆటో. నెలకి మన ఇంటర్నెట్ బిల్లంత కూడా కాదేమో. పెద్దవాళ్ళని మన దగ్గరికి తెచ్చుకునే ముందు, వాళ్ళ ఊరిని వాళ్ళకి దగ్గర చేయొచ్చుగా?

మీరేమంటారు?